పాత సాంచా, పాత కంప్యూటరు: భివండీ చెప్పే పాఠం



ఠాణే జిల్లాలోని భివండీ పేరు మన సరిహద్దు జిల్లాలవారికి కొత్త కాదు. కరీంనగర్, వరంగల్, నల్లగొండ వైపుల నుంచి బతుకుతెరువు వెతుక్కుంటూ వెళ్లిన పద్మశాలీలు తరాలుగా అక్కడ సాంచాలు నడుపుతున్నారు. పవర్‌లూమునే మనం సాంచా అంటాం. మనవాళ్లు ఎక్కువగా ఉండే పేటకు పద్మానగర్ అని పేరు. ఈనాటి ప్రసంగం ఆ ఊళ్లో ఒక ఇంట్లో మొదలైంది. అయితే గొడవ సాంచా గురించి కాదు, కంప్యూటరు గురించి.

2024 వేసవిలో, నా దగ్గర చదువుకున్న ఒక పిల్లవాడి తండ్రి నన్ను ఇంటికి పిలిచాడు. ఆయన కార్ఖానాలో సాంచాలు నడుపుతాడు. కొడుకు అప్పుడే పదో తరగతి పరీక్షలు రాశాడు. ఇంట్లో ఒక పాత కంప్యూటరు ఉంది. ఏదో ఆఫీసు తీసేస్తే కొన్నది. దానిమీద క్రికెట్టు ఆట, కార్ల పందెం ఆట పెడితే బొమ్మ ఆగి ఆగి కదులుతోంది. "దీన్ని భంగారుకు వేసి కొత్తది కొందాం నాన్నా, అరవై వేలవుతుంది" అని పిల్లవాడి పట్టు. తండ్రి సేటు దగ్గర అడ్వాన్సు తీసుకోవాలని చూస్తున్నాడు. "మీరేమంటారు సార్?" అని అడిగాడు.

సేటు దగ్గర అడ్వాన్సు అంటే ఏమిటో సాంచాల పని తెలిసినవారికి చెప్పనక్కరలేదు. బాకీ తీరేదాకా ఆ కార్ఖానా వదలడానికి వీలుండదు. పక్క కార్ఖానాలో మీటరుకు నాలుగు పైసలు ఎక్కువ ఇస్తామన్నా పోలేడు. అరవై వేల బాకీ అంటే ఏళ్ల తరబడి కాళ్లకు బంధం. కాబట్టి దాన్ని ఆటవస్తువు గొడవ అని నేను తేలిగ్గా తీసుకోలేకపోయాను.

పాత యంత్రాన్ని పారేయాలా, బాగు చేసుకోవాలా? భివండీ ఊరి చరిత్రంతా ఈ ప్రశ్న చుట్టూనే తిరిగింది. ఆ చరిత్ర కాస్త చెప్పుకుని, తరువాత ఆ పిల్లవాడి కంప్యూటరు దగ్గరికి వద్దాం.

భివండీ మొదట చేమగ్గాల ఊరు. 1857 తిరుగుబాటు తరువాత ఉత్తరాది నుంచి వలస వచ్చిన మోమిన్ నేతగాళ్లు అక్కడ స్థిరపడ్డారు. 1930ల నాటికి కరెంటు మగ్గాలు వచ్చాయి. చిన్న నేతగాడు కొత్త మగ్గాన్ని ఎక్కడినుంచి కొంటాడు? పక్కనే బొంబాయి ఉంది. అక్కడి పెద్ద మిల్లులు పాతబడ్డాయని తీసేసిన మగ్గాలను మనవాళ్లు కొనుక్కొచ్చి, అరిగిన పళ్ల చక్రాలు మార్చి, మోటారు తగిలించి, మళ్లీ నడిపించారు. మిల్లుకు భంగారు అయినది భివండీకి పెట్టుబడి అయింది.

ఆ తరువాత 1982 వచ్చింది. ఆ ఏడాది జనవరి 18న దత్తా సామంత్ నాయకత్వంలో బొంబాయి బట్టల మిల్లుల కార్మికులు, సుమారు రెండున్నర లక్షల మంది, సమ్మెకు దిగారు. ఏడాది దాటినా అది తేలలేదు. సమ్మె ముగిసిందని ఎవరూ అధికారికంగా చెప్పనే లేదు. ఎన్నో మిల్లులు మళ్లీ తెరుచుకోలేదు. మిల్లులు ఆగినా జనానికి బట్ట కావాలి కదా. ఆ పని భివండీకి వచ్చింది. మిల్లుల్లో మూలపడిన మగ్గాలూ అటే వచ్చాయి. భివండీ వీధుల్లో రాత్రింబవళ్లు వినిపించే టకటక చప్పుడు వెనుక, బొంబాయి కార్మికుల ఇళ్లలో ఆరిపోయిన పొయ్యిలున్నాయి. చరిత్ర చెప్పేటప్పుడు ఈ మాట దాచకూడదు.

అక్కడితో కథ ఆగలేదు. భివండీ, షోలాపూర్ వంటి చోట్ల పనిచేసి నాలుగు డబ్బులు కూడబెట్టుకున్న మనవాళ్లు కొందరు సిరిసిల్లకు తిరిగి వస్తూ పాత సాంచాలను కూడా తెచ్చుకున్నారు. అంటే ఒకే ఇనుప చట్రం మొదట మిల్లులో, తరువాత భివండీలో, ఆపైన సిరిసిల్లలో మూడు జన్మలు ఎత్తగలదన్నమాట.

ఇది ఎలా సాధ్యమైంది? మగ్గం ఒకే ముద్దగా పోతపోసిన వస్తువు కాదు. చట్రం వేరు, పడుగు బీము వేరు, నాడె వేరు, పైన బిగించే డాబీ వేరు. ఒకటి అరిగితే ఆ ఒక్కటే మార్చవచ్చు. అసలు మగ్గం చరిత్రలో పేరుమోసిన మార్పు కూడా ఇలాంటి తగిలింపే. ఫ్రాన్సులోని లియోన్ పట్టణంలో జోసెఫ్ మరీ జకార్డ్ 1804 ప్రాంతంలో తన పరికరాన్ని రూపొందించాడు. అది ఉన్న మగ్గం నెత్తిన బిగించే అమరిక. అట్టముక్కలకు రంధ్రాలు పొడిచి వరసగా కుడితే, ఆ రంధ్రాలను బట్టి పడుగు పోగులు లేస్తాయి, దిగుతాయి, పువ్వు పడుతుంది. అట్టల దండ మారిస్తే పువ్వు మారుతుంది. మగ్గం మాత్రం అదే.

ఆ అట్టముక్కలే మనల్ని కంప్యూటరు దగ్గరికి తీసుకుపోతాయి. ఇంగ్లండులో చార్లెస్ బాబేజ్ 1830లలో లెక్కలు చేసే పెద్ద యంత్రం ఒకటి ఊహించాడు. దానికి పని చెప్పడానికి జకార్డ్ అట్టలనే ఎంచుకున్నాడు. జకార్డ్ మగ్గం పువ్వులూ ఆకులూ నేసినట్టే ఈ యంత్రం బీజగణితాన్ని నేస్తుందని 1843లో అడా లవ్‌లేస్ రాసింది. 1890లో అమెరికా జనాభా లెక్కలను హోలెరిత్ అనే ఇంజనీరు రంధ్రాల అట్టలతోనే కూడాడు. ఆయన కంపెనీ 1911లో మరికొన్నిటితో కలిసింది. ఆ సంస్థే 1924లో ఐబీఎం అని పేరు మార్చుకుంది. ఇప్పుడు మన బల్లల మీద ఉండే కంప్యూటరుకు తాతలాంటి ఐబీఎం పీసీ 1981 ఆగస్టులో వచ్చింది. ఆ లెక్కన సాంచాకూ కంప్యూటరుకూ చుట్టరికం ఉంది.

ఐబీఎం పీసీలో మనకు పనికివచ్చే సంగతి ఇంకొకటుంది. దాని లోపల అదనపు కార్డులు గుచ్చుకోవడానికి 5 గాడులు పెట్టారు. లోపలి అమరిక వివరాలను పుస్తకంగా అచ్చువేసి అమ్మారు. దానితో ఎవరైనా ఆ గాడికి సరిపోయే కార్డు తయారు చేయగలిగారు. డాబీ మగ్గం మీద కూర్చున్నట్టు కార్డు గాడిలో కూర్చుంది. ఇంట్లో కంప్యూటరును ముక్కముక్కగా బాగు చేసుకునే అవకాశం మనకు అక్కడి నుంచే దక్కింది.

మన దేశంలో 1984 నవంబరులో వచ్చిన కొత్త కంప్యూటరు విధానంతో దిగుమతులు సులువయ్యాయి. 1990లలో బొంబాయి లామింగ్టన్ రోడ్డు, సికింద్రాబాదు పార్క్‌లేన్ దుకాణాలు విడిభాగాలు కొని కూర్చిన కంప్యూటర్లకు పేరుపొందాయి. ఆటల సంగతికొస్తే, 1996లో త్రీడీఎఫ్ఎక్స్ అనే సంస్థ వూడూ కార్డు తెచ్చింది. ఉన్న బొమ్మల కార్డును తీసేయకుండా, దానికి తోడుగా ఇది గుచ్చితే చాలు, ఆటల్లో గోడలూ కొండలూ నిజమైనవిగా కనిపించేవి. 1999లో ఎన్‌విడియా సంస్థ జీఫోర్స్ 256 తెచ్చి, దానికి గ్రాఫిక్స్ ప్రాసెసర్ అని పేరు పెట్టింది. అప్పటినుంచి ఆటల కంప్యూటరు అంటే ముందు గ్రాఫిక్స్ కార్డు ఏదని అడగడం మొదలైంది.

ఇక మన పిల్లవాడి ఇంటికి వద్దాం. నేను కంప్యూటరు నిపుణుణ్ణి కాను. అందుకని ఆ తండ్రిని ఒక ప్రశ్న అడిగాను. "సాంచాలో బట్ట తక్కువ దిగుతోందంటే మీ జాబరు ముందు ఏం చేస్తాడు?" ఆయన తడుముకోకుండా చెప్పాడు. "సాంచా ఎక్కడ ఆగుతోందో చూస్తాడు సార్. పడుగు తెగుతోందా, పేక తెగుతోందా, నాడె ఇరుక్కుంటోందా. అది తెలియకుండా పానా పట్టుకోడు."

పాత యంత్రాన్ని తక్కువ ఖర్చుతో బాగు చేసుకునే విద్యకు మూలసూత్రం ఇదే. యంత్రం మొత్తం నెమ్మదిగా ఉండదు. ఏదో ఒక భాగం నెమ్మదిగా ఉండి, మిగతా భాగాలను ఆపుతుంది. ఆ ఒక్క భాగాన్ని పట్టుకోవాలి.

ప్రభుత్వం సాదా సాంచాలకు తెచ్చిన పథకం కూడా ఇదే సూత్రం మీద నడిచింది. 2017 ఏప్రిల్ 1న భివండీలోనే ప్రారంభించిన పవర్‌టెక్స్ ఇండియా పథకంలో, సాంచాను ఉన్నచోటే మెరుగుపరిచే పద్దు ఒకటుంది. పడుగు తెగితే ఆపే అమరిక, పేక తెగితే ఆపే అమరిక, బీమును సమంగా వదిలే అమరిక, మంచి బ్రేకు ఇలాంటివి తగిలించుకుంటే, పరిమితికి లోబడి సాధారణ వర్గంవారికి ఖర్చులో సగం సాయం ఇచ్చేవారు. ఆ గడువు ఇప్పుడు ముగిసింది. పథకం ఎంతమందికి అందిందనేది వేరే చర్చ. కాని ఆలోచన సరైనది. పేక తెగినా ఆగని సాంచా నేసేది బట్ట కాదు, నష్టం. ఆ జబ్బుకు కొత్త సాంచా మందు కాదు, ఆపే అమరిక మందు.

ఇదే పద్ధతిలో కంప్యూటరు చూశాం. అందులో ఉన్నది ఇంటెల్ నాలుగో తరం ఐ5 ప్రాసెసరు, 2013 ప్రాంతపుది. మెమొరీ 4 జీబీ, అదీ ఒకే ముక్క. తిరిగే పళ్లెం ఉన్న పాత హార్డు డిస్కు. విడి గ్రాఫిక్స్ కార్డు లేదు. మూత తీస్తే లోపల ఫ్యాను రెక్కల మీద దూది పరుపులా పేరుకుంది. సాంచాల ఊరు కదా, గాలిలోనే నూగు ఉంటుంది. ముందు బ్రష్షుతో దాన్ని దులిపి, ప్రాసెసరు మీద ఎండిపోయిన పూత తీసి కొత్తది రాశాం. దాదాపు ఖర్చు లేని వైద్యం అది. వేడి తగ్గింది, ఫ్యాను రొద తగ్గింది.

తరువాత ఆట పెట్టి, టాస్క్ మేనేజర్ తెరిచి చూశాం. ఏ భాగం ఎంత పనిచేస్తోందో అందులో శాతాల్లో కనిపిస్తుంది. మెమొరీ నిండిపోయింది. మెమొరీ చాలక కంప్యూటరు మాటిమాటికీ డిస్కు దగ్గరికి పరుగెత్తుతోంది. డిస్కు 100 శాతం చూపిస్తోంది. ప్రాసెసరు మాత్రం సగం ఖాళీగా ఉంది. అంటే పిల్లవాడు నిందించిన ప్రాసెసరు నిర్దోషి. అది పేక అందక ఆగిన సాంచాలాంటిది.

మొదట మెమొరీ మార్చాం. 8 జీబీ ముక్కలు రెండు, వాడినవి, 1,600 రూపాయలు. రెండు సమానమైన ముక్కలు పెడితే ప్రాసెసరుకు రెండు దారుల్లో సమాచారం అందుతుంది. హార్డు డిస్కు స్థానంలో తిరిగే భాగాలు లేని ఎస్ఎస్‌డీ పెట్టాం, 1,700 రూపాయలు. ఇక్కడ ఒక సంగతి గమనించాలి. ఎస్ఎస్‌డీ పెడితే ఆట త్వరగా తెరుచుకుంటుంది, మధ్యలో నిలిచిపోవడం తగ్గుతుంది. కాని బొమ్మ నునుపుగా కదిలే వేగం దానితో పెరగదు. అది గ్రాఫిక్స్ కార్డు పని.

గ్రాఫిక్స్ కార్డు దగ్గర నేను పొరపాటు చేశాను. అది చెప్పడానికి ముందు ఇంకొక చరిత్ర చెప్పాలి.

2020 నుంచి 2022 దాకా గ్రాఫిక్స్ కార్డులు మామూలు ధరకు దొరకలేదు. ఈథర్ అనే డిజిటల్ నాణేలను సంపాదించడానికి కొందరు వందల కార్డులను వరసగా పెట్టి పగలూ రాత్రీ నడిపారు. 2022 సెప్టెంబరు 15న ఈథీరియం తన పద్ధతి మార్చుకుంది. ఆ రోజుతో ఆ కార్డులకు అక్కడ పని పోయింది. అవన్నీ పాత సరుకుగా బజారులోకి వచ్చాయి. ఇది వింటే మీకేం గుర్తొస్తోంది? నాకు 1982 తరువాతి బొంబాయి మిల్లుల మగ్గాలు గుర్తొచ్చాయి. పెద్దవాడి పని ఆగితే వాడి యంత్రం చిన్నవాడి గుమ్మం ఎక్కుతుంది. అందులో లాభం ఉంది, ప్రమాదమూ ఉంది. మూడు షిఫ్టులు నడిచిన మగ్గాన్ని మన జాబరు చప్పుడు వినకుండా కొంటాడా? పాత కార్డును కూడా అరగంట సేపు బరువైన ఆటతో నడిపించి, వేడి చూసి, బొమ్మ చెదరలేదని నమ్మకం కుదిరాకే డబ్బివ్వాలి.

మేము అలాగే పరీక్షించి ఒక మంచి కార్డు కొన్నాం. జీఫోర్స్ 1060 రకం. దుకాణంలో చక్కగా నడిచింది. ఇంటికొచ్చి బిగిద్దామంటే, దానికి పవర్ సప్లై నుంచి విడిగా 6 పిన్నుల తీగ కావాలి. ఆఫీసు కంప్యూటరులో ఆ తీగ లేదు. దాని పవర్ సప్లై సామర్థ్యం 290 వాట్లే. పెద్ద మోటారు కొని, దానికి చాలని వైరు ఉన్న గదిలో పెట్టినట్టయింది. ఈ సలహా ఇచ్చింది నేనే. పిల్లవాడి ముఖం చూడలేకపోయాను. దుకాణదారు 500 రూపాయలు తగ్గించుకుని కార్డు మార్చి ఇచ్చాడు. ఈసారి జీఫోర్స్ 1650 తీసుకున్నాం. అందులోనూ విడి తీగ అక్కరలేని రకం చూసి తీసుకున్నాం. మదర్‌బోర్డు గాడి ఇవ్వగలిగే 75 వాట్లతోనే అది నడుస్తుంది. ధర 6,200.

"ఏ అడాప్టరో తగిలించి ఆ పెద్ద కార్డే నడిపితే పోలేదా?" అని మీరు అడగవచ్చు. వద్దని నా మనవి. చౌక తీగలతో, చీటీ మీద మాత్రమే పెద్ద అంకె రాసి ఉన్న పవర్ సప్లైతో ఆడుకోవడం నిప్పుతో ఆడుకోవడమే. నూగు గాలిలో తేలే ఊళ్లో ఈ మాట మరీ గట్టిగా చెప్పాలి.

లెక్క చూద్దాం. మెమొరీ 1,600, ఎస్ఎస్‌డీ 1,700, కార్డు 6,200, పూతా బ్రష్షూ వగైరా 200. మొత్తం 9,700. నా పొరపాటుకు 500 కలిపితే 10,200. అరవై వేలెక్కడ, పదివేలెక్కడ! తండ్రి అడ్వాన్సు అడగలేదు. చీటీ పాడిన డబ్బుతో గడిచిపోయింది. ఇది 2024 నాటి లెక్క అని మరచిపోకండి. 2025 చివరి నెలల నుంచి కృత్రిమ మేధ కేంద్రాల గిరాకీ వల్ల మెమొరీ ధరలు బాగా పెరిగాయి. కాబట్టి కొనే రోజు ధర కనుక్కునే కొనాలి.

క్రికెట్టు ఆట సాఫీగా నడిచింది. కార్ల ఆటలో నీడలు, నీటి మెరుపులు తగ్గించి పెట్టుకుంటే అదీ నడిచింది. అలా తగ్గించుకోవడం కూడా మెరుగుపరచడమే, పైగా పైసా ఖర్చు లేదు. మంచమున్నంత వరకే కాళ్లు చాచుకోమన్నారు పెద్దలు.

అయితే పాతదానికి హద్దు లేదని నేను చెప్పడం లేదు. ఏడాది గడిచాక ఆ పిల్లవాడే మళ్లీ వచ్చాడు. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ఆపేసింది. విండోస్ 11 అధికారికంగా ఇంటెల్ ఎనిమిదో తరం నుంచి పైవాటికే. ఇతనిది నాలుగో తరం. యంత్రం బాగానే ఉంది, కాలం దాన్ని వద్దంది. భద్రతా సవరణలు మాత్రం ఇళ్లలో వాడేవారికి ఇంకొక ఏడాది, 2026 అక్టోబరు దాకా పొడిగించారు. ఇతను ఉచితంగా దొరికే లినక్స్ వేసుకున్నాడు. చాలా ఆటలు దానిమీద నడుస్తున్నాయి. మోసాన్ని పట్టే అమరికలున్న కొన్ని ఆన్‌లైన్ ఆటలు నడవడం లేదు. అందుకు అతను కొంచెం నొచ్చుకున్నాడు కూడా.

ఇప్పుడు ఇంకా ఖర్చు పెట్టాలా అంటే, ఆ మదర్‌బోర్డు మీద వద్దనే చెప్పాను. దాని గాడికి అంతకన్నా కొత్త తరం ప్రాసెసరు ఎక్కదు. కొన్ని బోర్డుల సంగతి వేరు. ఏఎండీ సంస్థ 2016లో తెచ్చిన ఏఎం4 గాడిలో, 2017 నాటి బోర్డుల్లో కూడా చాలావాటికి 2022లో వచ్చిన ప్రాసెసరు ఎక్కుతుంది. కాబట్టి పాతది కొనేవారు ఈ రోజు ఎంత వేగం అని మాత్రమే అడగకూడదు. రేపు ఇందులో ఏం మార్చుకోవచ్చు అని కూడా అడగాలి. సాదా సాంచాకు ఎన్ని తగిలించినా అది కొత్త రాపియర్ మగ్గం వేగాన్ని అందుకోలేదు. ఈ మధ్య భివండీలో ఎన్నో సాంచాలు నిజంగానే భంగారు తూకానికి పోయాయి. ఆ స్థలాల్లో గోదాములు లేచాయి. ఎప్పుడు బాగు చేసుకోవాలో తెలిసినట్టే, ఎప్పుడు వదులుకోవాలో కూడా తెలియాలి.

ఆ రెంటి మధ్య గీత ఎక్కడుంది? ఆగుతున్నది ఒక భాగమైతే ఆ భాగం మార్చండి. ఆగుతున్నది చట్రమే అయితే డబ్బు దాచుకోండి. ఏది ఆగుతోందో తెలియకపోతే రూపాయి కూడా ఖర్చు పెట్టకండి. కొత్త యంత్రం కొనగలగడం పాపం కాదు. కాని పాతది ఎందుకు ఆగిందో తెలియకుండా కొత్తది కొన్నవాడు, అది ఆగిన రోజు మళ్లీ సేటు గుమ్మం ముందు నిలబడాలి.

ఆ పిల్లవాడిప్పుడు పద్మానగర్‌లో ఇరుగుపొరుగు పిల్లల కంప్యూటర్లు విప్పి చూస్తున్నాడు. మూత తీయగానే అందరినీ అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "ఎక్కడ ఆగుతోంది?" అది వాళ్ల నాన్న మాట.